మరమ్మతు తెలిసిన చేతులు



మాకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పిన మాస్టారి పేరిట ఉపన్యాసం అంటే ఆయన్ని పొగుడుతూ మొదలుపెట్టడం ఆనవాయితీ. పొగడ్త ఆయనకు గిట్టేది కాదని ఈ హాల్లో అందరికీ తెలుసు. అందుకని ఆయన అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. బొమ్మలు గీయడానికి మమ్మల్ని గుడికి తీసుకెళ్లినప్పుడు, మేం ఇంకా కాగితాలు పరుచుకుంటూ ఉండగానే అడిగేవారు: "ఒరేయ్, ఈ స్తంభం విరిగిందనుకోండి. మళ్లీ ఇలాంటిది చెక్కి నిలబెట్టేవాడు ఎక్కడున్నాడ్రా? ఏ ఊళ్లో ఉన్నాడు? ఇప్పుడేం చేసుకుని బతుకుతున్నాడు?" కట్టించిన రాజు పేరు మాకు తెలుసు, ఏ శతాబ్దమో తెలుసు. దీనికి మాత్రం నోరు మెదిపేవాళ్లం కాదు. చదువుకున్న చరిత్రలో ఆ మనిషి లేడు.

ట్యునీషియాలో, మొరాకోలో తిరిగినన్నాళ్లూ ఆ ప్రశ్న నా వెంటే ఉంది. అక్కడ చాలాచోట్ల దానికి జవాబు దొరుకుతుంది. ఏడు వందల ఏళ్ల నాటి విద్యాలయం చూసి బయటికొచ్చి, నాలుగు సందులు దాటి వెళితే, ఆ గోడల మీది పనిని ఇవాళ చేస్తున్న మనిషి కనిపిస్తాడు. దొరకని చోట్లు కూడా ఉన్నాయి. వాటి గురించీ చెబుతాను. మన దగ్గర కట్టడాలది ఒక శాఖ, చేతిపనులది ఇంకొక శాఖ. ఒకదాని గేటు దగ్గర టిక్కెట్టు కొంటాం, ఇంకొకదాని ఎంపోరియంలో బొమ్మ కొంటాం. ఈ విభజన తప్పని, కట్టడం ప్రాణం దాన్ని బాగుచేయగల చేతుల్లోనే ఉంటుందని నా నమ్మకం. ఈ సాయంత్రం చెప్పదలుచుకున్నది అదే.

ముందు కైరవాన్. ట్యునీషియా మధ్యలో, ఎండకు మాడిన మైదానంలో ఉన్న ఈ ఊరిని అరబ్బు సేనాని ఉక్బా ఇబ్న్ నాఫీ 670లో స్థాపించాడు. ఇప్పుడు మనం చూసే పెద్ద మసీదు రూపం చాలావరకు 836లో అగ్లబీ పాలకుల కాలంలో తిరిగి కట్టినప్పటిది. లోపలి వందలాది స్తంభాల్లో చాలా వాటిని రోమన్, బైజాంటిన్ శిథిలాల నుంచి మోసుకొచ్చారు. అందుకే శీర్షాలు ఒకదానిలా ఒకటి ఉండవు. పొడవు చాలని స్తంభానికి కింద దిమ్మె పెట్టి ఎత్తు సరిచేశారు. పాత రాతిని పారేయకుండా కొత్త లెక్కకు ఒదిగించిన ఆ పనివాడంటే నాకు గౌరవం కలిగింది.

ప్రార్థన మందిరంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. తెరిచి ఉంచిన తలుపుల దగ్గర నిలబడి చూడాలి. దూరంగా, ప్రార్థన దిక్కు చూపే గూడు మిహ్రాబ్ పక్కన, అద్దం వెనక చెక్కతో చేసిన మెట్ల పీఠం ఒకటి ఉంటుంది. శుక్రవారం ఇమామ్ ప్రసంగం చేసే మింబర్ అది. 862 ప్రాంతంలో చేసింది. ప్రపంచంలో చెక్కుచెదరకుండా మిగిలిన మింబర్లలో ఇదే అత్యంత పాతదని పండితుల మాట. మూడు వందలకు పైగా చెక్కడపు పలకలు కూర్చి చేశారు. ఆ కలప టేకు. మన దేశం నుంచి వెళ్లిన టేకు. పశ్చిమ తీరపు ఓడల్లో గల్ఫ్ రేవులకు చేరి, అక్కడి నుంచి ఎన్ని చేతులు మారి ఆ ఎడారి అంచుకు చేరిందో! మన అడవి చెట్టు పదకొండు శతాబ్దాలకు పైగా అక్కడ నిలబడి ఉందని తెలిశాక నేను ఆ తలుపు దగ్గర నుంచి తొందరగా కదల్లేకపోయాను.

కైరవాన్ తివాచీలకు కూడా పేరున్న ఊరు. నేసేది ఆడవాళ్లు, ఎక్కువగా ఇళ్లలోనే. రంగు వేయని ఉన్నితో, గొర్రె ఒంటి మీది తెలుపు, గోధుమ, బూడిద, నలుపులతోనే నేసే రకం నాకు మిగతావాటికంటే నచ్చింది. ప్రభుత్వ హస్తకళల సంస్థ తివాచీని పరిశీలించి, ముడుల సాంద్రతను బట్టి తరగతి నిర్ణయించి ముద్ర వేస్తుంది. కొనేవాడికి ఆ ముద్ర భరోసా. నేసిన ఆవిడ పేరు మాత్రం దాని మీద ఉండదు.

ఇప్పుడు ట్యూనిస్ పాతబస్తీలోని ఎర్రటోపీల బజారుకు వెళ్దాం. షెషియా అంటారు ఆ టోపీని. కుచ్చు లేకుండా, తలకు అతుక్కుని ఉండే ఎర్రటి ఉన్ని టోపీ. 1609లో స్పెయిన్ రాజు మూడో ఫిలిప్ తన రాజ్యంలోని ముస్లిం మూలాలవారిని వెళ్లగొట్టడం మొదలుపెట్టినప్పుడు, వాళ్లలో వేలాదిమంది ట్యునీషియా చేరారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్లు తమతో తెచ్చుకోగలిగింది పనితనమే. ఈ టోపీ తయారీని ఆ దేశంలో అంత పెద్ద పరిశ్రమగా నిలబెట్టింది వాళ్లే.

దాని తయారీ ఒక ఊరి పని కాదు. అరియానాలో ఆడవాళ్లు తెల్ల ఉన్నితో తలకు రెండింతలు ఉండే వదులు సంచీలాంటిది అల్లుతారు. అది మెజెర్దా నది ఒడ్డున ఉన్న అల్ బతాన్‌కు వెళుతుంది. అక్కడ వేడినీళ్లు, సబ్బు కలిపి దంచితే ఉన్ని కుదించుకుపోయి, అల్లిక కళ్లు కనిపించని దళసరి గుడ్డ అవుతుంది. తర్వాత అల్ ఆలియా. ఆ ఊరి చుట్టూ పెరిగే ఒక ముళ్లమొక్క ఎండుతలతో ఆ గుడ్డను గీరితే నూగు లేచి మెత్తబడుతుంది. ఆ పనికి ఇనుప దువ్వెన వాడితే గుడ్డ చిరుగుతుందట, ముల్లయితే ఎక్కడ ఆగాలో దానికే తెలుసన్నాడు బజారులో ఒక పెద్దాయన. రంగు జఘ్వాన్‌లో వేస్తారు. చివరి తీర్పు, అచ్చు మీద బిగించి ఆకారం తేవడం, మళ్లీ ట్యూనిస్ బజారులోనే.

రంగుకు జఘ్వానే ఎందుకంటే అక్కడి కొండ ఊటనీరు. మన రంగుల అద్దకంలోనూ నీటిదే పెత్తనం కదా. పెడన, మచిలీపట్నం అద్దకంవాళ్లను కదిపితే రంగుకంటే ముందు కాలువ నీటి గురించి మాట్లాడతారు. జఘ్వాన్ ఊటనీటినే రెండో శతాబ్దంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, రోమన్లు రాతి కాలువ కట్టి కార్తేజ్ నగరానికి తీసుకెళ్లారు. వంపులన్నీ కలిపి 130 కిలోమీటర్లకు పైనే ఉంటుంది ఆ కాలువ. దాని కమానులు ఇవాళ్టికీ పొలాల మధ్య వరసగా నిలబడి ఉన్నాయి. బస్సుల్లో వచ్చిన జనం కమానుల ముందు దిగి ఫొటోలు తీసుకుంటారు. అదే నీటిలో ఎర్రబడిన టోపీ చూడ్డానికి జఘ్వాన్‌లో ఎవరూ దిగరు. ఆ కమానుల మీదుగా ఇప్పుడు నీళ్లు పారవు. ఆ నీటితో జరిగే పని మాత్రం నిన్నమొన్నటిదాకా బతికే ఉంది. నిన్నమొన్నటిదాకా అని ఎందుకంటున్నానంటే, ఆ బజారులో ఇప్పుడు పనిచేసే అంగళ్లు కొన్నే. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం ఆధునిక వేషాన్ని ప్రోత్సహించింది. తలమీద టోపీ పెద్దవాళ్ల వేషం అయిపోయింది. ఇప్పుడు ఆ పని చాలావరకు లిబియా, నైజీరియా వంటి దేశాల గిరాకీ మీద ఆధారపడి నడుస్తోంది. ఐదు ఊళ్ల గొలుసులో ఒక్క ఊరు చేతులెత్తేసినా మిగతా నాలుగు ఊళ్లకూ పని ఉండదు.

ఇక మొరాకో. దారిలో ఉన్న అల్జీరియాకు, మొరాకోకు మధ్య సరిహద్దు 1994 నుంచీ మూసే ఉంది. అందుకని ట్యూనిస్ నుంచి మొరాకోకు విమానమే దారి. తొమ్మిదో శతాబ్దంలో కైరవాన్ నుంచి వలసపోయిన కుటుంబాలు మాత్రం ఆ దూరమంతా నేలమీదే నడిచాయి. అలా వెళ్లినవాళ్లు ఫెజ్ నది ఒక గట్టున స్థిరపడ్డారు. స్పెయిన్‌లోని కార్డోబా నుంచి 818 తిరుగుబాటు తర్వాత తరిమేయబడినవాళ్లు ఇంకొక గట్టున దిగారు. ఆ రెండు వలసలూ కలిసి ఫెజ్ నగరమైంది. కైరవాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి కూతురు ఫాతిమా అల్ ఫిహ్రీ, తండ్రి ఆస్తి వెచ్చించి 859లో కరవియ్యీన్ మసీదు కట్టించిందని అక్కడి సంప్రదాయం. ఈ కథ ఆమె తర్వాత చాలా కాలానికి రాసిన గ్రంథంలో కనిపిస్తుంది కాబట్టి చరిత్రకారుల్లో కొందరు సందేహిస్తారు. ఫెజ్ ప్రజలకు మాత్రం సందేహం లేదు. ఆ మసీదే కాలక్రమంలో విద్యాపీఠమైంది. దాని గ్రంథాలయానికి ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథపు ప్రతిని స్వయంగా ఇచ్చాడు. చెమ్మపట్టి పాడైపోతున్న ఆ గ్రంథాలయాన్ని 2016 నాటికి బాగుచేసిన వాస్తుశిల్పి అజీజా షౌనీ, ఫెజ్‌లోనే పుట్టిన మహిళ.

ఫెజ్ పాతబస్తీలో కార్లు తిరగవు. తొమ్మిది వేలకు పైగా సందులున్నాయంటారు. సామాను మోసేవి గాడిదలు, కంచరగాడిదలు. "బాలక్! బాలక్!" అని వెనక నుంచి కేక వినపడగానే గోడకు అతుక్కుపోవాలి. 1981లో యునెస్కో ఈ బస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊళ్లోకి వెళ్లేచోట బయటివైపు నీలంగా, లోపలివైపు పచ్చగా మెరిసే బాబ్ బూ జెలూద్ ద్వారం ఉంది. అందరూ ఫొటో తీసుకునేది దాని ముందే. వెయ్యేళ్ల నాటిదనిపిస్తుంది కానీ దాన్ని కట్టింది 1913లో, ఫ్రెంచివాళ్లు వచ్చిన మరుసటి ఏడు. ఆ పలకలు చేసిన చేతులు మాత్రం పాత విద్యవే. ద్వారం వయసు తెలిసి నిరాశపడ్డవాళ్లను చూశాను. నాకు సంతోషమే కలిగింది. 1913లో కూడా అంత పని చేయగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారన్నమాట.

ద్వారం దాటి కాస్త దిగితే బూ ఇనానియా మదరసా. మరీనీ సుల్తాన్ అబూ ఇనాన్ 1350లలో కట్టించిన విద్యాలయం. నడిమి వాకిట్లో నిలబడి గోడను కింది నుంచి పైకి చూడాలి. నడుము ఎత్తు దాకా రంగు పలకల జెల్లీజ్. దాని పైన చెక్కిన గచ్చు. ఆ పైన దేవదారు జాతి కలప. మూడూ మూడు వృత్తులు. ముగ్గురు మేస్త్రీలు ఒకే గోడను పంచుకున్నారు. ఒకరి గీత ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి ఇంకొకరి గీత అందుకుంటుంది. కలప మధ్య అట్లాస్ కొండల అడవులది, పలకల మట్టి ఫెజ్ చుట్టుపక్కలదే.

జెల్లీజ్ ఎలా చేస్తారో నగరం తూర్పున ఉన్న ఐన్ నొక్బీలో చూశాను. పొగ బాధ వల్ల కుమ్మరి బట్టీలను పాతబస్తీ నుంచి అక్కడికి మార్చారు. బూడిదరంగు మట్టిని నానబెట్టి, తొక్కి, అరచేయంత చదరపు పలకలు చేసి ఎండబెడతారు. ఒకసారి కాల్చి, రంగుపూత పూసి మళ్లీ కాలుస్తారు. బట్టీలో ఇంధనం ఆలివ్ గింజలు. నూనె తీసేశాక మిగిలిన గింజల రాశులు బట్టీ పక్కన గుట్టలుగా ఉంటాయి. కాలేటప్పుడు నల్లటి పొగ, నూనె వాసన.

అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. కోతపనివాళ్లు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ముందు చిన్న దిమ్మ. చేతిలో రెండువైపులా ఉలిలా పదునుండే బరువైన సుత్తి. పలక మీద నక్షత్రపు కొమ్మో, ఎనిమిది మూలల బిళ్లో గీసి ఉంటుంది. ఎడమచేతి వేళ్ల మధ్య పలకను పట్టుకుని, అంచును దిమ్మకు ఆనించి, కుడిచేత్తో చిన్నచిన్న దెబ్బలు వేస్తాడు. గీత వెంట పలక రాలిపోతుంది. దెబ్బ చప్పుడులో తేడా వచ్చిందంటే పలకలో పగులుందని అర్థమట. పక్కకు పడేస్తాడు. తర్వాత ముక్కను తిప్పి, వెనకవైపు అంచులు వాలుగా చెక్కుతాడు. పై ముఖాల అంచులు ఒకదానికొకటి తగిలేలా ఉండాలంటే వెనక సందు ఉండాలి. నేను చూసిన మనిషి ముక్క పూర్తయ్యాక దాన్ని కళ్లతో చూడలేదు. బొటనవేలితో అంచు తడిమి గంపలో వేశాడు.

ఆ ముక్కలను పేర్చే మేస్త్రీ వేరు. వాళ్లు మేస్త్రీని మాలెమ్ అని పిలుస్తారు. ఆయన ముక్కలను రంగుముఖం నేలకు ఆనేలా బోర్లా పేరుస్తాడు. పేర్చినంతసేపూ కనిపించేది మట్టిరంగు వీపులే. ఏ ముక్క నీలమో, ఏది తేనెరంగో, ఏ నక్షత్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతా తలలో ఉంటుంది. పేర్చాక మీద గచ్చు పోసి, గట్టిపడ్డాక ఎత్తి గోడకు నిలబెడతారు. అప్పుడుగాని తప్పు జరిగిందో లేదో తెలియదు. "తప్పు పడదా?" అని మా గైడ్ చేత అడిగించాను. ఆయన తలెత్తకుండానే, "నేర్చుకునే రోజుల్లో పడేది. నాన్న పగలగొట్టించేవాడు" అన్నాడు. ఎన్నేళ్లు నేర్చుకున్నారని అడిగితే ఏళ్ల లెక్క చెప్పలేదు. ముక్కల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో ఆకారానికీ ఒక్కో పేరు. గైడ్‌కు అరబిక్ మాతృభాషే, అయినా సగం పేర్ల దగ్గర చేతులెత్తేశాడు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 2011లో తెరిచిన మొరాకో ముంగిలిని కట్టడానికి ఫెజ్ నుంచే పనివాళ్లను పిలిపించుకున్నారు. డబ్బుకు కొదవలేని సంస్థ అది. అయినా ఆ విద్య కోసం ఫెజ్ సందులకే రావలసివచ్చింది.

బూ ఇనానియాకు ఎదురుగా, వీధికి అవతలివైపు ఇంకొక కట్టడం ఉంది. 1357లో కట్టిన నీటి గడియారం. గోడలో వరసగా చిన్న కిటికీలు, వాటి కింద ఇత్తడి గిన్నెలకు ఆనుగా పొడుచుకొచ్చిన కలప దూలాలు. గంట గంటకూ ఒక కిటికీ తెరుచుకుని, గిన్నెలో గుండు పడి మోగేదని చెబుతారు. లోపలి యంత్రాంగం పోయింది. దాన్ని నడిపిన విద్య ఎవరికీ అందలేదు. గోడను బాగుచేయగలిగారు, దూలాలను బాగుచేయగలిగారు. గడియారం మాత్రం మోగదు. ఒకే వీధిలో ఇటు మదరసా, అటు గడియారం. ఒకదాని పనివాళ్లు ఇంకా ఉన్నారు, రెండోదానివాళ్లు ఎప్పుడో పోయారు. మాస్టారి ప్రశ్నకు ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు ఇంకెక్కడా తగల్లేదు.

ఇక తోళ్ల దగ్గరికి వస్తాను. ఇది చెప్పకుండా ఫెజ్ గురించి చెప్పడం నా వల్ల కాదు.

షువారా అనే చోట, పాతబస్తీ నడిబొడ్డున, కరవియ్యీన్‌కు దగ్గర్లోనే, రాతి తొట్లు వందలకొద్దీ తేనెపట్టు గదుల్లా ఆనుకుని ఉంటాయి. చుట్టూ ఉన్న తోలు దుకాణాల డాబాల మీద నుంచి చూడాలి. దుకాణంవాడు చేతిలో పుదీనా రెబ్బ పెడతాడు, ముక్కు దగ్గర పెట్టుకోమని. తెల్ల తొట్లలో సున్నం, పావురాల రెట్ట, నీళ్లు. మేక, గొర్రె, ఆవు, ఒంటె తోళ్లు అందులో రోజుల తరబడి నానతాయి. సున్నం వెంట్రుకను వదులు చేస్తుంది. రెట్ట తోలును మెత్తబరుస్తుంది. తర్వాత గీకి, కడిగి, కాళ్లతో తొక్కి, రంగు తొట్లలో ముంచుతారు. పసుపు రంగు కుంకుమపువ్వుదని, ఎరుపు గసగసాల పువ్వుదని డాబా మీద చెబుతుంటారు. ఎక్కువ తొట్లలో ఇప్పుడు రసాయన రంగులే. ఆ సంగతి దాచాల్సిన పనేమీ లేదు. రంగు డబ్బాలోంచి వచ్చినంత మాత్రాన తొట్టిలో తొడల లోతున దిగిన మనిషి శ్రమ తగ్గదు.

డాబా మీదివాళ్లందరూ రంగులనే ఫొటో తీస్తున్నారు. నేనూ రెండు మూడు తీశాను. కెమెరా దించి చూస్తే కింద ఒకతను రబ్బరు నిక్కరుతో సున్నపు తొట్టిలో నిలబడి తోలును తొక్కుతున్నాడు. కాళ్లు మోకాళ్ల దాకా తెల్లగా, చర్మం ముడతలు పడి ఉన్నాయి. ఒక చెయ్యి తొట్టి అంచు మీద ఉంది. జారకుండా అలా పట్టుకుంటారని తర్వాత తెలిసింది. అతని ముక్కు దగ్గర పుదీనా లేదు.

నాకు మన లందె గుర్తొచ్చింది. తెలుగు పల్లెల్లో మాదిగ వాడలో లందె గోలేలుండేవి. సున్నంలో నానిన తోలు, తంగేడు చెక్క కషాయంలో ఊరిన తోలు. మోటకు తొండం, ఎద్దుకు పగ్గం, కాలికి చెప్పు, డప్పుకు మూత అన్నీ ఆ లందె నుంచే వచ్చాయి. ఊరి వ్యవసాయం మొత్తం ఆ తోలు మీద నడిచింది. ఆ పని చేసిన మనిషిని మాత్రం ఊరి చివరకు, గాలి వాటు చూసి మరీ నెట్టాం. పనిని అంటరానిదన్నాం, మనిషినీ అన్నాం. తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేరుస్తాం. దాని చెక్కతో తోలు పదునుపెట్టిన చేతులకు ఏ గౌరవం ఇచ్చాం? ఫెజ్‌లో ఆ పనిని అందరూ నెత్తిన పెట్టుకున్నారని నేను చెప్పను. అక్కడా అది కటిక పేదల చాకిరీ. కానీ తొట్లు నగరం గోడల లోపల ఉన్నాయి, విద్యాపీఠానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. తోలు పనివాళ్లకు వాళ్ల సంఘం, వాళ్ల పెద్ద, నగరపు లెక్కల్లో వాళ్ల చోటు ఉన్నాయి. పుస్తకాల బైండింగులో మొరాకో తోలుకు ప్రపంచమంతా పేరు రావడం వెనక ఈ చోటు కూడా ఉంది. మన దగ్గర లందెలు అంతరించాయి. వాటితో పాటు ఆ విద్య గురించి రాసిపెట్టుకున్న కాగితం కూడా దాదాపు లేదు. మన చేతివృత్తుల జాబితాల్లో చేనేత ఉంటుంది, కొండపల్లి బొమ్మ ఉంటుంది, పెంబర్తి ఇత్తడి ఉంటుంది. లందె ఉండదు. అది మరపు కాదు, మన కులం చేసిన ఎంపిక.

ఫెజ్‌కూ తన లోట్లున్నాయి. రాజమందిరం పక్కన పాత యూదుల వాడ మెల్లా ఉంది. బంగారు, వెండి జరీ తీగ తీసే విద్య తరతరాలుగా అక్కడి యూదు కుటుంబాలది. పెళ్లి దుస్తుల మీద, జీనుల మీద మెరిసింది ఆ తీగే. 1948 తర్వాత మొరాకో యూదుల్లో అత్యధికులు ఇజ్రాయెల్‌కు, ఫ్రాన్స్‌కు, కెనడాకు వెళ్లిపోయారు. రెండున్నర లక్షల దాకా ఉన్నవాళ్లు ఇవాళ కొన్ని వేలమంది. బాల్కనీలున్న ఆ వాడ ఇళ్లు నిలిచే ఉన్నాయి. తీగ తీసినవాళ్లు లేరు.

1912లో ఫెజ్‌లోనే సంతకాలైన ఒప్పందంతో మొరాకో ఫ్రెంచి రక్షణ కిందికి వెళ్లింది. రెసిడెంట్ జనరల్ లియోతే, ఆయన నగర నిర్మాత ప్రోస్ట్ పాతబస్తీలను కూలగొట్టకుండా, వాటి పక్కన కొత్త నగరాలు కట్టారు. పాత ఊరు దక్కడానికి ఆ నిర్ణయం తోడ్పడిందన్నది నిజం. పెట్టుబడి, విద్యుత్తు, ఆసుపత్రులు కొత్త నగరానికి వెళ్లి, పాత ఊరు బీదరికంలో కూరుకుపోయిందన్నదీ అంతే నిజం. రాజధాని రబాత్‌కు మారింది. ఫెజ్ సంపన్న కుటుంబాలు కాసాబ్లాంకా దారి పట్టాయి. వాళ్ల పెద్ద లోగిళ్లలో పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు గదికొకటి చొప్పున సర్దుకున్నాయి. కట్టడాన్ని కాపాడి అందులోని బతుకును వదిలేస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ఆ లోగిళ్లలోకి వెళ్లాలి.

ఆ విద్యలు ఆగిపోకుండా నిలబడడానికి ఒక పెద్ద కారణం కొత్త కట్టడాలు. కాసాబ్లాంకా సముద్రం అంచున 1993లో పూర్తయిన రెండో హసన్ మసీదులో జెల్లీజ్, గచ్చు, కలప పనులకు దేశం నలుమూలల నుంచి వేలమంది పనివాళ్లను రప్పించారు. దాని మినార్ ఎత్తు రెండు వందల మీటర్ల పైమాటే. ఆ ఖర్చు మీద అప్పుడూ విమర్శలు వచ్చాయి, బలవంతపు చందాల మాట కూడా వచ్చింది. ఆ విమర్శల్లో న్యాయముంది. అయినా ఒక తరం పనివాళ్లకు ఏళ్ల తరబడి పని దొరికింది, వాళ్ల దగ్గర కుర్రాళ్లు నేర్చుకున్నారు. మన యాదాద్రిని తలుచుకోండి. 2022 మార్చిలో ఆలయం తిరిగి తెరిచేనాటికి, కృష్ణశిల చెక్కడంలో ఎన్ని ఉలులు ఏళ్లకేళ్లు ఆడాయో! ఆళ్లగడ్డ శిల్పుల వంటి వృత్తి కుటుంబాలు నిలబడేది ఇలాంటి పనుల మీదే. ఆ పని అయిపోయాక ఆ కుర్రాళ్లు ఏమయ్యారన్నది మనం అడగాలి. పాత రామప్పకు, పాత లేపాక్షికి రాయి అతకాల్సి వచ్చినప్పుడు వాళ్లను పిలుస్తున్నామా, టెండరులో తక్కువ కోట్ చేసిన కాంట్రాక్టరును పిలుస్తున్నామా?

2023 సెప్టెంబరు 8 రాత్రి మొరాకోలో భూకంపం వచ్చింది. తీవ్రత 6.8. హై అట్లాస్ కొండల్లోని ఊళ్లు నేలమట్టమయ్యాయి. దాదాపు మూడు వేలమంది చనిపోయారు. ఆ కొండల్లో తిన్మెల్ అనే చోట పన్నెండో శతాబ్దపు మసీదు ఉంది. అల్మొహాద్ సామ్రాజ్యం పుట్టిన చోటు అది. అప్పటికి దానికి మరమ్మతు జరుగుతోంది. ఆ రాత్రి కమానులు కూలాయి. పనికి వచ్చి అక్కడే బస చేసిన పనివాళ్లు కొందరు చనిపోయారు. ప్రపంచ పత్రికలు కూలిన కమానుల ఫొటోలు వేశాయి. మసీదు ఎవరు కట్టించారో, ఏ వంశమో అన్నీ రాశాయి. కమానును మళ్లీ లేపాలంటే కావలసిన ఇటుక లెక్క, సున్నం పాళ్లు, ఒంపు ఏ చోట పట్టుకోవాలన్న జ్ఞానం, చనిపోయినవాళ్ల చేతుల్లోనూ కొంత ఉంది. ఆ నష్టానికి ఏ జాబితాలోనూ గడి లేదు. తిన్మెల్‌ను మళ్లీ కట్టే పని ఇప్పుడు కొత్త చేతుల మీద పడింది.

మాస్టారి స్మారక సంఘానికి నాది ఒక్క విన్నపం. ఏటా ఈ సభకూ, శాలువాలకూ, పుస్తకం అచ్చుకూ ఖర్చుపెడుతున్నాం. ఈ ఏడాది శాలువా నాకు వద్దు. ఆ డబ్బుతో పాటు నా వంతూ కలిపి, మన జిల్లాలో డంగు సున్నం కలపడం, గానుగలో తిప్పడం, గచ్చు మెరుగుపెట్టడం తెలిసిన మేస్త్రీలను వెతకండి. ఇంకా కొందరు ఉన్నారు, వయసు మీదపడినవాళ్లు. మర్రాకెష్‌లో సున్నపు గోడను నల్లసబ్బు పూసి, నున్నటి రాయితో రుద్ది నీరు ఇంకనివ్వని నునుపు తెచ్చే తదెలాక్త్ పనివాళ్లను ఇవాళ హోటళ్లవాళ్లు ఎంతైనా ఇచ్చి పిలుచుకుంటున్నారు. మన గచ్చు మేస్త్రీ కొడుకు సిమెంటు కలుపుతున్నాడు. ఒక్కో మేస్త్రీ దగ్గర ఇద్దరేసి కుర్రాళ్లను ఏడాదిపాటు కూర్చోబెట్టండి. కుర్రాళ్లకు రోజుకూలీ ఇవ్వండి, ఊరికే నేర్చుకోమంటే ఎవరూ రారు. మేస్త్రీకి గురుదక్షిణ అని పండూ తాంబూలమూ ఇచ్చి పంపకండి, జీతం ఇవ్వండి. తోలు పని తెలిసిన పెద్దలు ఏ వాడలో మిగిలి ఉన్నా వాళ్ల దగ్గరికీ వెళ్లండి, వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లోనే పని పద్ధతిని రాయించండి. మన ఊరి కోనేటి మెట్లు కూలిన సంగతి అందరికీ తెలుసు. ఆ మెట్ల మీదే ఈ కుర్రాళ్లకు మొదటి పని ఇప్పించండి. దేవాదాయ శాఖ అనుమతికి అర్జీ నేను రాసుకొచ్చాను. సభ అయ్యాక బల్ల దగ్గర ఉంటుంది, సంతకాలు చేసి వెళ్లండి.